40 బై 62 హాల్‌లో ఎంతమంది పడతారు? ఒకరు 400 అంటారు, ఒకరు 250 అంటారు

నక్కలగుట్ట_పోరడు:
అందరికీ నమస్తే. ఈ నెలాఖరుకు మా నాన్న రిటైర్ అవుతున్నారు, ప్రభుత్వ హైస్కూల్ హెడ్మాస్టర్. సన్మాన సభ, దాని వెంటనే భోజనాలు. హనుమకొండలోనే ఒక హాల్ చూశాం, లోపల 40 బై 62 అడుగులు అన్నారు. మేనేజర్‌ను అడిగితే తలెత్తి కూడా చూడకుండా "400 మంది ఈజీగా పడతారు సార్" అన్నాడు. కుర్చీల కోసం టెంట్ హౌస్‌కు పోతే ఆయన "250 దాటితే కష్టం" అన్నాడు. మా బాబాయి సంగతి సరే సరి, "మీ అత్త పెళ్లిలో ఇంతకన్నా చిన్న హాల్‌లో 800 మంది తినిపోయిన్రు" అంటాడు. మా లిస్టు 350 దాకా ఉంది. ఎవరి మాట పట్టుకోవాలి? అడ్వాన్స్ ఇంకా ఇయ్యలేదు, ఎల్లుండిలోపు చెప్పాలట, టెన్షన్‌గా ఉంది.

లష్కర్‌బజార్:
ముగ్గురూ నిజమే చెబుతున్నారు తమ్మీ, ఎవరి నిజం వాళ్లది. 40ని 62తో గుణిస్తే 2,480 చదరపు అడుగులు. ఒక కుర్చీకి రెండడుగుల వెడల్పు, వరుసకు మూడడుగులు, మొత్తం ఆరు చదరపు అడుగులు. 2,480ని ఆరుతో భాగించు, 413. మేనేజర్ 400 అక్కడి నుంచే వచ్చింది. అంటే ఆయన లెక్కలో స్టేజీ మీద కుర్చీలే, తలుపు ముందు కుర్చీలే, పిల్లర్ లోపల కూడా కుర్చీలే. మీ బాబాయి చెప్పిన 800 పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా వచ్చి పోయినోళ్లు. పెళ్లికి వచ్చినోళ్లు అక్షింతలు వేసి, తిని, ఫొటో దిగి బస్సెక్కుతారు. సన్మాన సభకు అందరూ ఒకే టైంకు వచ్చి చివరిదాకా కూర్చుంటారు, మీ నాన్న మాట్లాడేది చివర్లోనే కాబట్టి.

కాజీపేట_టెంట్‌హౌస్:
కుర్చీలు వేసేవాడిగా చెబుతున్నా. చేతుల ప్లాస్టిక్ కుర్చీ వెడల్పు దగ్గర దగ్గర రెండడుగులు, చేతులు లేనిది కొంచెం తక్కువ. హాల్ ఓనర్లు చేతులు లేనివి చూపించి లెక్క చెబుతారు, రిటైర్డ్ సార్లు, పెద్దమనుషులు వచ్చే ఫంక్షన్‌కు మీరేమో చేతుల కుర్చీలే అడుగుతారు. వరుసకు వరుసకు మధ్య, అంటే ఈ కుర్చీ వీపు నుంచి వెనక కుర్చీ వీపు దాకా మూడడుగులు పెడితే మనిషి మోకాళ్లు తగలకుండా కూర్చుంటాడు. రెండున్నరకు కుదిస్తే సంఖ్య పెరుగుతుంది, కానీ మధ్యలో ఉన్నాయన బాత్రూంకు పోవాలంటే వరుస వరుసంతా లేచి నిలబడాలి, ఆడవాళ్లు చీరలు సర్దుకునేసరికి స్టేజీ మీద ఒక స్పీచ్ అయిపోతుంది.

ఇంకోటి, హాల్ కొలతలు వాళ్లు చెప్పింది నమ్మకు. గోడ బయటి నుంచి కొలిచినవి చెబుతారు. టేపు కూడా అక్కర్లేదు, పోయి కింద టైల్స్ లెక్కపెట్టు. పెద్ద టైల్ అయితే రెండు బై రెండు అడుగులు. టైల్‌కు ఒక కుర్చీ, టైలున్నరకు ఒక వరుస, మేమైతే కుర్చీలు దించేటప్పుడు అట్లనే వేసుకుంటూ పోతాం.

నక్కలగుట్ట_పోరడు:
ఇప్పుడే పోయి వచ్చిన. అడ్డానికి 20 టైల్స్, పొడుగుకు 31. కొలత మటుకు నిజమే. స్టేజీ ఒక చివర 12 అడుగుల లోతు. మధ్యలో రెండు పక్కలా కలిపి నాలుగు పిల్లర్లు. మెయిన్ డోర్ ఆరడుగుల డబుల్ డోర్, కానీ ఒక రెక్కకు పైన గడియ వేసి ఉంది, లోపలికే తెరుచుకుంటుంది. స్టేజీ పక్కన ఇంకో చిన్న తలుపు ఉంది, దానికి అడ్డంగా పాత సోఫాలు, కూల్‌డ్రింక్ డబ్బాలు పేర్చిన్రు. తాళం ఎవరి దగ్గర ఉందో అంటే వాచ్‌మన్ నవ్విండు. భోజనాలు పైఅంతస్తులో, 30 బై 40. మెట్లు ఒక్కటే, నాలుగడుగులు.

సివిల్_సైట్:
ఇప్పుడు లెక్క కుదురుతుంది. పొడుగు 62లో స్టేజీ 12 పోయింది. స్టేజీ ముందు ఆరడుగులు ఖాళీ ఉండాలి, ఫొటోగ్రాఫర్లు, శాలువాలు పట్టుకుని లైన్‌లో నిలబడేవాళ్లు అక్కడే ఉంటారు. వెనక తలుపు దగ్గర ఐదడుగులు వదులు. మిగిలింది 39 అడుగులు, మూడడుగుల లెక్కన 13 వరుసలు. అడ్డం 40లో మధ్యదారి ఐదు, గోడల పక్కన మూడేసి, మొత్తం 11 పోతే 29, అంటే 14 కుర్చీలు, మధ్యదారికి అటు ఏడు ఇటు ఏడు. 13 వరుసల్లో 14 చొప్పున 182. పిల్లర్లు నాలుగైదు కుర్చీలు తింటాయి. సుమారు 175 నుంచి 180.

నువ్వు ముందు అడిగిన టెంట్ హౌస్ ఆయన చెప్పిన 250 కూడా ఊరికే చెప్పింది కాదు. వరుసలు రెండున్నరకు కుదించి, గోడల పక్క దారులు తీసేసి, మధ్యలో నాలుగడుగులే వదిలితే 15 వరుసల్లో 18 చొప్పున 270 వస్తాయి, పిల్లర్లకు పోగా 260 చిల్లర. వేయొచ్చు. కానీ గోడ పక్కన కూర్చున్న మనిషి బయటికి రావాలంటే ఎనిమిది జతల మోకాళ్లు దాటాలి.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో, సీట్లు బిగించకుండా జనం దగ్గరదగ్గరగా చేరే సభా స్థలానికి మనిషికి 0.65 చదరపు మీటర్లు అని ఉంటుంది, అంటే ఏడు చదరపు అడుగులు. కొంచెం విడివిడిగా మసిలే చోటికి 1.4, అంటే పదిహేను అడుగులు. కొందరు మేనేజర్లు ఈ ఏడు అంకెను పట్టుకుని కెపాసిటీ అని చెబుతారు. అది సుఖంగా కూర్చోబెట్టే లెక్క కాదు. ఇంతమంది ఉండొచ్చు కాబట్టి బయటికి పోయే దారులు ఇన్ని కావాలి అని తేల్చుకోవడానికి పెట్టిన లెక్క. ఆ ప్రకారం కుర్చీలు వేసే 40 బై 39 జాగాకు 220 చిల్లర వస్తుంది, కానీ అంతమందికి తగ్గ తలుపులు కూడా ఉండాలి. సభలు జరిగే భవనాలకు తలుపు వెడల్పు రెండు మీటర్లకు తగ్గొద్దని అదే కోడ్‌లో ఉంది, అంటే ఆరున్నర అడుగులు. మీ హాల్‌కు ఆరు ఉంది, ఒక రెక్క మూశాక మూడు. రెండో తలుపు సోఫాల వెనక. నన్నడిగితే ఆ హాల్ ఎంతమందిని పట్టుకుంటుందో చెప్పాల్సింది ముందు ఆ తలుపులే, గచ్చు తర్వాత.

గిర్మాజిపేట_గల్లీ:
అబ్బో, ఒక రిటైర్మెంట్ ఫంక్షన్‌కు బిల్డింగ్ కోడ్ దాకా పోయిన్రా. మనోళ్లు సర్దుకుంటారు అన్నా. కుర్చీ దొరకనోళ్లు గోడకు ఆనుకుని నిలబడతారు, పిల్లలు ముందర జంపఖానా మీద కూర్చుంటారు. ఎన్ని ఫంక్షన్లు చూడలేదు మనం. 400 అంటే 400 పడతారు.

సివిల్_సైట్:
పడతారు, కాదనలేదు. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో 59 మంది పోయారు. కింద ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుని పొగ బాల్కనీలోకి వచ్చింది. బాల్కనీలో అదనంగా సీట్లు వేసి ఒక పక్క దారి మూసేశారు, బయటికి పోలేక ఊపిరాడక చనిపోయారు. రోజూ సినిమా నడిచిన థియేటరే అది, రోజూ జనం సర్దుకున్నారు. గోడకు ఆనుకుని నిలబడేవాళ్లు నిలబడేది నువ్వు వదిలిన దారిలోనే కదా.

పరకాల_అక్క:
అంత భయపెట్టకండి గానీ ఆ తలుపు సంగతి మటుకు నిజం. పోయినేడు మా వైపు ఒక ఫంక్షన్‌లో కరెంటు పోయి జనరేటర్ ఎక్కకపోతే మెయిన్ డోర్ దగ్గర ఒకరి మీద ఒకరు పడ్డారు. ఐదు నిమిషాల పని, ఎవరికీ ఏం కాలేదు, కానీ మా అత్తమ్మ అప్పటి నుంచి హాల్‌లోకి పోగానే తలుపు పక్క కుర్చీ చూసుకుంటది.

బాబూ, అడ్వాన్స్ ఇచ్చే ముందే మేనేజర్‌తో ఒక మాట అనిపించుకో, రెండు రెక్కలు తెరిచి పెట్టాలె, సోఫాలు తీసి చిన్న తలుపు తాళం ఆ రోజు నీ చేతిలో పెట్టాలె అని. డబ్బులిచ్చాక ఎవడూ సోఫా జరపడు.

వంటల_వదిన:
మీరంతా కింద హాల్ లెక్కలు కడుతున్నారు, అసలు చిక్కు పైన ఉంది. మేం క్యాటరింగ్ చేస్తాం కాబట్టి నాకు ముందు కనిపించేది డైనింగే. 30 బై 40లో బంతి భోజనం పెడితే చూడండి. ఒక వరుసకు వడ్డించేవాళ్లు నడిచే దారి మూడడుగులు, టేబుల్ అడుగున్నర, కుర్చీ రెండు, వెనక కొంచెం సందు, మొత్తం ఏడడుగులు. 30 అడుగుల్లో నాలుగు వరుసలు. పొడుగు 40లో అటూ ఇటూ మూడేసి వదిలితే 34, మనిషికి రెండడుగుల లెక్కన 17 మంది. బంతికి 68 మంది అన్నమాట. తినడం, ఆకులు తీయడం, తుడిచి మళ్లీ వేయడం, ఎంత ఉరికినా బంతికి అరగంట. 180 మందికి మూడు బంతులు, గంటన్నర. 350 మంది అయితే ఆరు బంతులు, మూడు గంటలు. ఆఖరి బంతికి సాంబారు చల్లగా, మొహాలు వేడిగా ఉంటాయి.

బఫే అయితే తొందరగా అయితదనుకుంటారు. ఒక కౌంటర్ ముందు నుంచి నిమిషానికి నలుగురైదుగురు కదులుతారు, అదీ బిర్యానీ దగ్గర ఎవరూ ముక్కలు ఏరకపోతేనే. ఆ రూంలో ఒకే కౌంటర్ పెడితే లైన్ మెట్ల మీదికి వస్తది. ఎక్కేవాళ్లు, చేతులు కడుక్కుని దిగేవాళ్లు, నాలుగడుగుల మెట్ల మీద ఎదురెదురుగా. సన్మానం అయిపోయింది అనగానే అందరూ ఒక్కసారే లేస్తారు, అది గుర్తు పెట్టుకోండి. మీ నాన్నగారి తోటి సార్లందరివీ అరవై దాటిన మోకాళ్లు.

నక్కలగుట్ట_పోరడు:
వదినా, ఇది అసలు నా తలకే రాలేదు. మరి మా ఇంటి డాబా మీద భోజనాలు పెడితే? హాల్‌కు రెండు గల్లీల అవతలే. 30 బై 45 ఉంటుంది, షామియానా వేస్తాం.

సివిల్_సైట్:
తమ్మీ, డాబా ఎంతమందికి సరిపోతుందనేది జాగా ఒక్కటే చెప్పదు, శ్లాబ్ కూడా చెబుతుంది. మనిషి ఎక్కి తిరిగే పైకప్పుకు, భవనాల మీద పడే బరువులకు పెట్టిన ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం పట్టే లెక్క చదరపు మీటరుకు 150 కిలోలు. ఇంటి గదుల నేలకు 200. జనం గుమిగూడే హాల్ నేలకు, సీట్లు బిగించనిదైతే 500. మీ ఇల్లు ఇల్లుగా కట్టిందే కదా. కుర్చీలు వేసి కూర్చోబెడితే మీటరుకు ఒకరిద్దరు, 130 కిలోల దాకా, దానికి ఇబ్బంది లేదు. కానీ బఫే టేబుల్ చుట్టూ, ఫొటో దగ్గర మీటరుకు నలుగురు నిలబడితే 260 కిలోలు. వంటపాత్రలు, నీళ్ల డ్రమ్ములు వేరే. దానికితోడు డాన్సులు మొదలైతే చెప్పక్కర్లేదు. పాత శ్లాబ్ అయితే నేను వద్దంటా. వాకిట్లో జాగా ఉంటే షామియానా అక్కడ వేయండి.

ఏసీ_మెకానిక్_సుబేదారి:
ఏప్రిల్‌లో మన వరంగల్ ఎట్లుంటదో తెలుసుగా, అందుకే ఒక మాట. కూర్చున్న మనిషి ఒంట్లోంచి వంద వాట్ల పైనే వేడి వస్తుంది, పాత బల్బు వెలిగినంత. ఒక టన్ను ఏసీ తీసేది మూడున్నర కిలోవాట్లు. అంటే మనుషుల వేడికే 30 మందికి ఒక టన్ను పోతుంది, పైకప్పు ఎండ, లైట్లు, తెరిచిన తలుపు వేరే. హాల్‌లో ఎన్ని టన్నులున్నాయో అడిగినవా?

నక్కలగుట్ట_పోరడు:
ఐదు ఏసీలు అన్న, ఒక్కోటి రెండు టన్నులట.

ఏసీ_మెకానిక్_సుబేదారి:
మొత్తం పది. 180 మందికి ఆరు టన్నులు మనుషులే తింటారు, మిగిలిన నాలుగుతో హాల్ ఏదో నడుస్తుంది. 350 మందిని పెడితే మనుషులకే పన్నెండు కావాలి, ఉన్నవే పది. అప్పుడు ఏసీ హాల్ అని కిరాయి కట్టి అందరూ శుభలేఖలతో విసురుకుంటారు. జనరేటర్ మీద ఐదు ఏసీలూ నడుస్తాయా, ఫ్యాన్లు, లైట్లేనా, అది కూడా ముందే అడుగు. చాలా చోట్ల ఫ్యాన్లే.

గిర్మాజిపేట_గల్లీ:
సరే, హాల్ సంగతి ఒప్పుకున్న. అయితే ఒకటి చెప్పండి, మరి సభలకు లక్ష మంది వచ్చిన్రు, రెండు లక్షలు వచ్చిన్రు అంటారు కదా, అవి ఎట్ల లెక్కపెడతరు?

లష్కర్‌బజార్:
చాలావరకు లెక్కపెట్టరు, మైకులో చెబుతారు. లెక్కపెట్టాలంటే మార్గం ఉంది. 1960ల్లో అమెరికాలో బర్క్‌లీలో హెర్బర్ట్ జాకబ్స్ అనే జర్నలిజం లెక్చరర్ విద్యార్థుల సభలను పైనుంచి చూసి, నేలను గడులుగా విడగొట్టి ఒక్కో గడిలో ఎంతమందో లెక్కపెట్టాడు. విడివిడిగా నిలబడితే మనిషికి పదడుగులు, దగ్గరగా అయితే నాలుగున్నర అని తేల్చాడు, చదరపు అడుగుల్లో. మన లెక్కలో చూసుకో. ఎకరం 40 గుంటలు, గుంట 121 గజాలు, మొత్తం 43,560 అడుగులు. దగ్గర దగ్గరగా నిలబడ్డా ఎకరానికి పదివేల లోపే, సుమారు 9,700. కుర్చీలు వేస్తే ఇంకా తగ్గుతుంది. లక్ష అన్నారంటే గ్యాప్ లేకుండా పదెకరాలు నిండాలి. ఈసారి పేపర్లో అంకె చూసినప్పుడు ఆ గ్రౌండ్ ఎన్నెకరాలో కనుక్కో, మస్తు టైంపాస్ అవుతుంది. ఏ పార్టీ అని అడగకు, అన్ని పార్టీలకూ ఒకే ఎకరం.

రిటైర్డ్_హిందీసార్:
పోరడా, మీ నాన్నగారికి నా శుభాకాంక్షలు. నాదీ, నా మిత్రులవీ ఇలాంటి సభలు చాలా చూశాను కాబట్టి లిస్టు గురించి చెబుతాను. 350 అనేది ఒకే రకం 350 కాదు. ఇంటికి పోయి బొట్టు పెట్టి పిలిచినవాళ్లు కుటుంబంతో వస్తారు, ఒక పిలుపుకు ముగ్గురు నలుగురు. వాట్సాప్‌లో కార్డు పంపినవాళ్లలో సగం మంది దండం బొమ్మ పెట్టి ఊరుకుంటారు. తోటి ఉపాధ్యాయులు ఎక్కువగా ఒక్కరే వస్తారు, తప్పకుండా వస్తారు. పాత విద్యార్థులు మాత్రం ఎవరూ అంచనా వేయలేరు, ఒకడు గ్రూపులో పెడితే ఇరవైమంది బండ్లేసుకుని వస్తారు. ఊరివాళ్లు డీసీఎం వ్యాన్ మాట్లాడుకుంటే ఒక్కసారే నలభైమంది దిగుతారు. కాబట్టి పేర్లు లెక్కపెట్టకు, ఈ రకాలు విడదీసి ఒక్కోదానికి వేరే అంచనా వేయి.

ఇక స్టేజీ. ఎవరూ దీని గురించి మాట్లాడలేదు. పన్నెండు అడుగుల లోతు స్టేజీ మీద ఒక వరుస సోఫాలు, ముందు టీపాయ్‌లు పెట్టాక మిగిలేది ఐదారడుగులు. ప్రతి సంఘం వాళ్లూ శాలువా కప్పుతామంటారు, ఒక్కరు రారు, పదిహేనుమంది ఎక్కుతారు. పైవాళ్లు దిగకముందే కిందివాళ్లు ఎక్కుతారు. పక్కా స్టేజీ కాక చెక్కలు పరిచిందైతే ఆ సమయంలో నేను కింద కూర్చుంటాను. ఒక పక్క ఎక్కడం, ఇంకో పక్క దిగడం అని పెట్టి, ఒక గట్టి గొంతు ఉన్న పీఈటీ సార్‌ను అక్కడ నిలబెట్టు.

కాజీపేట_టెంట్‌హౌస్:
సార్ చెప్పింది వందకు వంద. చెక్కల స్టేజీకి కింద ఇనుప స్టాండ్లు ఎన్ని ఉన్నాయో వంగి చూడాలె, పైన కార్పెట్ వేశాక ఏం కనపడదు.

పరకాల_అక్క:
హాలే మార్చుకోరాదు? కాళోజీ కళాక్షేత్రం లాంటి చోట సీట్లు బిగించే ఉంటాయి, ఈ లెక్కలేవీ అక్కర్లేదు, ఎన్ని సీట్లో అంతమంది.

లష్కర్‌బజార్:
అక్కా, అంత పెద్ద ఆడిటోరియంలో 200 మంది కూర్చుంటే సగం కూడా నిండదు, ఫొటోల్లో ఖాళీ సీట్లే కనిపిస్తాయి. మనిషి ఎక్కువైతే ఇబ్బంది, తక్కువైతే వెలితి. పైగా అక్కడ బంతి వేయలేం కదా. హంటర్ రోడ్డు వైపు పెద్ద హాళ్లున్నాయి గానీ పెళ్లి ముహూర్తాలు ఉంటే దొరకవు, దొరికినా కిరాయి చూసి కళ్లు తిరుగుతాయి.

నక్కలగుట్ట_పోరడు:
నిన్న రాత్రి నాన్నతో, బాబాయితో కూర్చుని హిందీ సార్ చెప్పినట్టు లిస్టు విడదీసినం. స్కూల్ పిల్లలు, స్టాఫ్, పాత విద్యార్థులు కలిపి వాళ్ల సన్మానం పొద్దున స్కూల్ ఆవరణలోనే పెట్టుకుంటామన్నారు, చెట్ల కింద, ప్రార్థన టైంలో. నాన్నకు కూడా అదే ఇష్టంగా ఉంది. హాల్‌లో సాయంత్రం చుట్టాలు, ఊరివాళ్లు, సంఘాల వాళ్లు. అటూ ఇటూ వేసుకున్నా 200 దగ్గర ఆగుతుంది, అందరూ ఒకేసారి ఉండరు. పైన డైనింగ్ వద్దన్నం, హాల్ వెనక పార్కింగ్ జాగా ఉంది, అక్కడ షామియానా వేసి బంతులు, సభ నడుస్తుండగానే ఊరివాళ్లతో మొదటి బంతి మొదలు, వాళ్లకు డీసీఎంలో తిరిగి పోవాలి కదా. మేనేజర్ సోఫాలు తీయడానికి ఒప్పుకున్నాడు, మొహం మాడ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. తాళం సంగతి రసీదు మీద రాయించిన. బాబాయి మటుకు ఇంకా 800 దగ్గరే ఉన్నాడు.

వంటల_వదిన:
మంచి పని చేసినవ్. పార్కింగ్‌లో బంతి అంటే చేతులు కడుక్కునే నల్లాలు ఎక్కడున్నాయో చూసుకో, డ్రమ్ముకు రెండు నల్లాలుంటే చాలవు. బండ్లు ఎక్కడ పెడతారో అది కూడా ఆలోచించు, ఇప్పుడు పార్కింగ్ నీ డైనింగ్ అయింది కదా.

నక్కలగుట్ట_పోరడు:
పక్కన ఖాళీ ప్లాట్ ఉంది వదినా, ఓనర్‌ను అడిగినం, సరే అన్నాడు. టెంట్ అన్నా, హాల్‌కు 180 కుర్చీలు, బంతికి 70, సరిపోతాయా?

కాజీపేట_టెంట్‌హౌస్:
290 పంపిస్తా తమ్మీ. హాల్‌లో 178 వేస్తాం, పిల్లర్ల దగ్గర రెండు తగ్గిస్తాం, బంతికి 70, మిగతావి బయట వరండాలో పేర్చి పెడతాం, తలుపులకు దూరంగా. ఎక్కువ జనం వస్తే వరండాలోనే వేసుకుని కూర్చుంటారు, హాల్‌లోకి ఒక్కటి కూడా తీసుకపోవద్దని మా పోరగాళ్లకు చెప్పి పంపిస్తా. ముందు వరుసకు సోఫాలు కావాలంటే ఇప్పుడే చెప్పు, ఒక మూడు సీట్ల సోఫా నాలుగు కుర్చీల జాగా తింటది.